ఎర్ర టేపు గ్లాసు, నంబరు మూడు

గౌరవనీయులైన కార్మిక న్యాయస్థానం ప్రిసైడింగ్ ఆఫీసర్ గారి సముఖమునకు,

నాచారం పాత ఊరి వాస్తవ్యుడు, ఉప్పల్ నుంచి నాచారం వచ్చే దారిలోని ఒక ప్రైవేటు దవాఖానలో ఇరవై నాలుగేండ్ల ఆరు నెలలు స్ట్రెచర్ తోసి, ప్రస్తుతం పని నుండి తొలగింపబడి ఉన్న ఏర్పుల హనుమాండ్లు, వయసు కాగితం ప్రకారం యాభై ఏడు, సమర్పించుకొను అర్జీ.

తేది: 4 జూన్ 2025

విషయం: జూలై 9కి వేసిన నా దావా వాయిదాను జూన్ 30 లోపలికి జరుపుట గురించి, నా గ్లాసుకు ఎర్ర టేపు చుట్టిన కారణమును దవాఖాన వారి నోటనే చెప్పించుట గురించి, నేను రాజీ పడలేదని రికార్డు చేయుట గురించి.

అయ్యా,

నేరుగా విషయానికి రావలెనని మూడు కాగితాలు చింపాను. నాకు నేరుగా రావడం చేతకాదు. స్ట్రెచర్ తోసేవాడు ముందు రెండు పక్కలా చూసుకొని, మలుపు తీసుకొని, ఆ తర్వాతే తలుపులో దూరుతాడు. లేకపోతే పేషెంటు మోచెయ్యి గోడకు తగులుతుంది. ఆ అలవాటు రాతలోకి కూడా వచ్చింది. తమరు ఓపిక పట్టవలెను. ఎవరి మోచెయ్యీ తగలకుండానే లోపలికి వస్తాను.

1. నా ఉద్యోగం పేరు పేషెంట్ ట్రాన్స్‌పోర్ట్ అటెండెంట్. అసలు పని, బతికి ఉన్నవారిని అంతస్తు నుంచి అంతస్తుకు, పోయినవారిని కింద శవాల గదికి చేర్చడం. దవాఖాన పేరు ఇక్కడ రాయడం లేదు. అది దావా కాగితాల్లో ఉన్నది. మళ్లీ రాస్తే వారి వకీలు పరువు నష్టం అంటాడని మా వకీలమ్మ అనంతలక్ష్మి గారు హెచ్చరించారు. ఆమె ఉచిత న్యాయ సేవ కింద నాకు దొరికిన గట్టి మనిషి. అసలు తమకు ఇట్లా నేరుగా రాయనే కూడదని కూడా ఆమే చెప్పారు. రాశాను. తప్పు నాది, ఆమెకు సంబంధం లేదు.

2. నేను పుట్టింది ఎప్పుడో మా అమ్మకు ఒకటే గుర్తు, బోనాల ముందు మొదటి వాన పడ్డ వారం. 1999లో చేరేటప్పుడు దవాఖాన గుమాస్తా, తేదీ లేకపోతే కంప్యూటరు తీసుకోదని చెప్పి నాకూ, నాతో చేరిన మరో అయిదుగురికీ జూలై ఒకటి వేశాడు. ఆరుగురం ఒకే రోజు పుట్టాము. ఆ రోజే డాక్టర్ల దినం కూడా కనుక ఏటా కేకు కోసేవారు. నా కోసమే అనుకొని ఇరవై నాలుగు ముక్కలు తిన్నాను.

ఆ గుమాస్తా కలం ప్రకారం ఈ జూన్ 30తో నాకు యాభై ఎనిమిది నిండుతాయి. ఉద్యోగ విరమణ. నా దావా వాయిదా జూలై 9. ఆనాడు నేను గెలిచినా తిరిగి చేరడానికి ఉద్యోగం ఉండదు. ఏదో పరిహారం చేతిలో పెట్టి దండం పెడతారట. అయ్యా, నాకు కావలసింది ఒక షిఫ్టు. జూన్ 30 లోపల ఏదో ఒక రోజు, పొద్దున ఎనిమిది నుంచి రెండు దాకా. ఆ షిఫ్టులో పదిన్నరకు క్యాంటీన్ లోపల బల్ల దగ్గర కూర్చుని, అందరూ తాగే కప్పులో నేను చాయ్ తాగవలెను. నా దావా మొత్తం ఇంతే. మిగిలిన కాగితమంతా దీనికి వివరణ.

3. వాయిదాలు ఇప్పటికి ఆరు. ఒకసారి వారి వకీలుకు జ్వరం. ఒకసారి సంతకం చేసే అధికారి ఊళ్లో లేరు. ఒకసారి ఫైలు మరచిపోయి వచ్చారు, ఫైలు సంచి మాత్రం తెచ్చారు. తర్వాత వేసవి సెలవులు వచ్చాయి, అవి ఎవరి తప్పూ కాదు. ఉప్పల్ రింగు రోడ్డు దాటగానే రోడ్డు నడుమ ఏండ్ల తరబడి నిలబడి ఉన్న ఫ్లైఓవరు స్తంభాలను తమరు చూసే ఉంటారు. నా దావా కూడా అట్లాగే నిలబడి ఉన్నది. పైన ఏమీ రాలేదు.

4. ఇక గ్లాసు సంగతి. 2023 మే నెలలో రాఘవేంద్ర గారు అనే ఆయన ఆపరేషన్స్ మేనేజరుగా వచ్చారు. నలగని చొక్కా, మెత్తని మాట. నవంబరులో ఒక సర్క్యులర్ అంటించారు. ఇన్ఫెక్షన్ నియంత్రణలో భాగంగా హై రిస్క్ సిబ్బంది తమకు కేటాయించిన పాత్రలలో మాత్రమే చాయ్, మంచినీళ్లు తాగవలెనని, ఆ పాత్రలను ఇతరులు ముట్టరాదని అందులో ఉన్నది. దవాఖానలో పనిచేసేవారు నూట డెబ్బై నాలుగు మంది. హై రిస్కుగా తేలింది నలుగురు: నేను, నేల తుడిచే రాజ్యం, మాసిన దుప్పట్లు మూటగట్టే ఒకామె, మురుగు లైను చూసే ఒకాయన.

ఆ నలుగురి కులాలు నేను ఇక్కడ రాయను. సర్క్యులర్‌లో వారూ రాయలేదు. రాయకుండానే వారు ఎట్లా ఏరుకోగలిగారో, రాయకుండానే తమకూ అట్లాగే తెలుస్తుంది.

మర్నాడు క్యాంటీన్ వెనక కిటికీ బయట నాలుగు మేకులు, నాలుగు స్టీలు గ్లాసులు. ఒక్కోదానికి ఎర్ర టేపు, టేపు మీద నల్ల పెన్నుతో నంబరు. నాది మూడు. మిగతావారికి లోపల తెల్ల పింగాణీ కప్పులు. క్యాంటీన్ నడిపే భూపాల్ మా నాచారం పిల్లవాడే, నడిచేటప్పటి నుంచి నేను ఎరుగుదును.

"ఏంది భూపాల్, గివేంది?" అని అడిగాను.

"నన్నడుగకు అన్న. టేపు సుట్టింది నేనే గని, సుట్టుమన్నది నేను గాదు."

"లోపల్కి రావొద్దా?"

"కిటికి కాడికే ఇస్త తీయ్. చాయ్ అయితె గదే చాయ్ గద!"

రాజ్యం తుని వైపు నుంచి ఇరవై ఏండ్ల కింద వచ్చిన మనిషి, మాట మాత్రం అక్కడిదే. నా వెనక నుంచి ఆమె అన్నది: "టీ అదేనయ్యా భూపాలూ. నిన్నటిదాకా లోపల తాగిన మేమే వేరేవాళ్లమైపోయాం."

భూపాల్ గ్లాసు మీదికి ముఖం వంచి చాయ్ పోశాడు. నా గ్లాసు నిండిన తర్వాత కూడా పోస్తూనే ఉన్నాడు.

5. ఇక్కడ ఒక చిన్న మలుపు తీసుకుంటాను. మా నాయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో తాళ్లు పేనే ఫ్యాక్టరీలో పని చేశాడు. గేటు దగ్గర నీళ్ల డ్రమ్ము, దానికి ఇనుప గొలుసుతో కట్టిన ఒకే ఒక్క గ్లాసు. మూడు షిఫ్టుల మనుషులు అందులోనే తాగేవారు. గొలుసు ఎందుకంటే గ్లాసు ఎవరైనా ఎత్తుకుపోతారని. వెనకటి రోజులు బంగారమని నేను అనడం లేదు. ఆ ఫ్యాక్టరీ సూపర్‌వైజరు మా నాయనను ఒక్కనాడూ పేరు పెట్టి పిలువలేదు, 'అరే' అనేవాడు. కాని ఆ అరే అన్న నోరు కూడా ఆ గ్లాసుకే తగిలేది. యాభై ఏండ్ల కింద తాళ్ల ఫ్యాక్టరీకి లేని అంటు, ఏసీ పెట్టిన దవాఖానకు ఎక్కడి నుంచి వచ్చింది అన్నది నా ప్రశ్న. ఫ్యాక్టరీ మూతబడి ఇప్పుడు అక్కడ గోదాము ఉన్నది. గ్లాసు ఏమైందో తెలియదు.

6. రంగుల పట్టిక గురించి. దవాఖాన చెత్తకు నాలుగు రంగుల సంచులు ఉంటాయి. కొత్తగా చేరిన ప్రతి మనిషికీ, నర్సమ్మలతో సహా, ఆ రంగులు నేర్పింది నేను. పసుపు సంచిలో వేసినది తగలబెడతారు. తెల్ల డబ్బాలో సూదులు. నీలం దాంట్లో గాజు. ఎర్ర సంచిలో సెలైన్ గొట్టాలు, సీసాలు మొదలైన ప్లాస్టిక్ వేస్తారు. దాన్ని పారేయరు. వేడి ఆవిరిలో పెట్టి శుభ్రపరచి మళ్లీ పనికి వచ్చేటట్టు పంపిస్తారు.

రాఘవేంద్ర గారు ఎరుపంటే ప్రమాదమని అనుకొని ఎరుపు ఎంచుకున్నారు. ఏ నియమం పేరు చెప్పి నన్ను బయట నిలబెట్టారో ఆ నియమం వారికి రాదు. వారి గోడ మీద వారే అంటించిన పట్టిక ప్రకారం, ఎర్ర రంగు పడిన వస్తువును శుభ్రపరచి తిరిగి వాడకంలోకి తీసుకోవలెను. నన్ను శుభ్రపరచనక్కర లేదు, నేను రెండు పూటలా స్నానం చేస్తాను. తిరిగి తీసుకొనుట మాత్రం నిబంధన.

7. 2024 జనవరి 12న జరిగినది. కాప్రా నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ తెల్లవారుజామున మా దవాఖానలో పోయారు. నేను ఒళ్లు తుడిచి, గడ్డం కట్టి, కాలి బొటనవేళ్లు జోడించి కట్టి, తల దువ్వాను. బతికున్నప్పుడు పాపిడి ఎడమకా కుడికా అని కొడుకును అడిగి మరీ దువ్వాను. ఇది ఉద్యోగంలో భాగం కాదు, నా పద్ధతి.

మా వైపు ఒక మర్యాద ఉన్నది. శవాన్ని తయారు చేసిన మనిషికి ఇంటివాళ్లు తమ చేతితో తాగడానికి ఏదైనా ఇస్తారు. అతడు దూపతో పోతే పోయినవారి దూప తీరదని నమ్మకం. ఆ కొడుకు క్యాంటీనుకు పోయి రెండు చేతులలో రెండు తెల్ల కప్పులు పట్టుకొని వచ్చాడు.

"తాగు తాత. మా బాపును మంచిగ తయారు జేసినవ్. నిద్రపోయినట్టే ఉన్నడు."

"నాకు వేరే గ్లాసున్నది బిడ్డ."

"వేరే గ్లాసేంది? నాకొకటి, నీకొకటి. పట్టు, సల్లగైతది."

అయ్యా, ఎదురుగా నిలబడ్డ మనిషికి తండ్రి పోయాడు. అతడికి సర్క్యులర్ చదివి వినిపించడం నా వల్ల కాలేదు. తాగాను. దానిలో చక్కెర ఎక్కువైంది. అదీ తాగాను.

8. కెమెరాలో చూశారు. రాఘవేంద్ర గారు మధ్యాహ్నం తమ గదికి పిలిపించారు. బల్ల మీద ఆ తెల్ల కప్పు, దాని కింద ఒక పేపరు రుమాలు.

"హనుమాండ్లు గారూ, రూలు తెలిసి కూడా ఎందుకు తాగారు?"

"పెట్టినోడి చెయ్యి గొట్టలేక తాగిన సార్."

"ఇది పర్సనల్‌గా తీసుకోకండి. ఇది సైన్స్."

ఆ మాట అని, కప్పును పసుపు సంచిలో వేయమని రాజ్యాన్ని పిలిచారు. పసుపు అంటే తగలబెట్టేది. నాకు నవ్వు వచ్చింది. "పింగాణి కాలది సార్," అన్నాను. రాజ్యం కూడా నవ్వింది, కాని ఆమె మాస్కు పెట్టుకొని ఉన్నది కనుక బతికిపోయింది.

మెమోలో రెండు నేరాలు రాశారు: ఇన్ఫెక్షన్ నియంత్రణ ఉల్లంఘన, అధికారి ఎదుట నవ్వి అవిధేయత చూపుట. ఫిబ్రవరి 9న తొలగించారు. తమ న్యాయస్థానంలో వేసిన జవాబులో మూడోది కలిపారు: దవాఖాన ఆస్తి అయిన స్టీలు గ్లాసును నేను తీసుకొని పోయానట. తీసుకొని పోయిన మాట నిజం. మీరు తప్ప ఎవరూ ముట్టరాదని వారే నాకు రాసి ఇచ్చారు. అది ఇంకెవరికి అక్కరకు వస్తుంది?

9. సాక్ష్యం. దవాఖాన వారి జవాబు ప్రకారం ఈ ఏర్పాటు శవాల గదిలోకి పోయి వచ్చేవారి వల్ల రోగం వ్యాపించకుండా చేసినది. చిత్తం. శవాల గదికి ఒక రిజిస్టరు ఉన్నది. లోపలికి ఎవరు వచ్చినా పేరు, సమయం, సంతకం. ఆ రిజిస్టరు కనబడడం లేదని ఇప్పుడు వారు చెబుతున్నారు.

కాని అయ్యా, నేను బడికి పోలేదు. ముప్పై రెండేండ్లు నిండాక బెడ్డు టికెట్ల మీది పేర్లు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. రాత కుదరడానికి, రోజూ షిఫ్టు దిగే ముందు ఆ రిజిస్టరులో లోపలికి వచ్చినవారి పేర్లు, సమయాలు నా సొంత నోటు పుస్తకంలో చూసి రాసుకునేవాణ్ణి. పోయినవారి పేర్లు రాయలేదు, అది మర్యాద కాదు. ఇరవై ఏండ్లకు పదిహేడు పుస్తకాలు అయ్యాయి. మొదటి పుస్తకంలో అక్షరాలు తాగి నడిచినట్టు ఉంటాయి. పదిహేడో దాంట్లో నిటారుగా నిలబడ్డాయి. ఇవి నిన్న మొన్న పుట్టించినవి కావని తమరు ఆ అక్షరాలను చూసే చెప్పగలరు.

పదిహేడో పుస్తకం ప్రకారం, సర్క్యులర్ వచ్చిన నాటి నుంచి నేను తెల్ల కప్పులో తాగిన నాటి వరకు, రాఘవేంద్ర గారు శవాల గదిలోకి పదకొండు సార్లు వచ్చారు. పెద్ద డాక్టర్లు నలుగురు కలిపి ఇరవై ఆరు సార్లు. అందరికీ తెల్ల కప్పులే. రాజ్యం ఒక్కసారి కూడా రాలేదు. ఆమెకు శవమంటే భయం, ఆ వరండాలోకే రాదు. అక్కడ ఊడ్చేది కూడా నేనే. ఆమెది ఎర్ర గ్లాసు, నంబరు రెండు. ఇది ఏ సైన్సో వారిని అడిగించవలెను.

10. రాజీ విషయం. మే 25న ఆదివారం భూపాల్ మా ఇంటికి వచ్చాడు. రాఘవేంద్ర గారు పంపారు. చేతిలో ఒక కాగితం. నేను దావా వెనక్కు తీసుకుంటే, నన్ను తిరిగి చేర్చుకున్నట్టు రాసి, రావలసినవన్నీ ఇచ్చి, జూన్ 30న హాలులో అందరి ముందు శాలువ కప్పి పంపుతారట. నేను చేయవలసిందల్లా ఒక్క వాక్యం కింద సంతకం: 'పాత్రల ఏర్పాటు పూర్తిగా ఆరోగ్య కారణాల వల్ల జరిగినదని, దానిని నేను అపార్థం చేసుకున్నానని ఒప్పుకొనుచున్నాను.'

"ఒక్క సంతకం అన్న," అన్నాడు భూపాల్. "నీ ఇజ్జత్ నీకొస్తది. ఇంక ఫికరెందుకు?"

"ఆ మేకులు ఇంకున్నయా, పీకిన్రా?"

అతడు పెదవి చప్పరించాడు. "ఉన్నయ్."

"నా మేకు?"

"కొత్త పిలగాణ్ణి పెట్టుకున్నరు నీ జాగల. వాని గ్లాసు ఏలాడదీసిన్రు. నంబరు మూడే."

మా ఇంటామె కృష్ణమ్మ అంతసేపూ గడప దగ్గర చిక్కుళ్ల ఈనెలు తీస్తూ వింటున్నది. తల ఎత్తకుండా అడిగింది: "భూపాలూ, శాలువ ఏ రంగుదో తెలుసుకొనొచ్చినవా? ఎర్రదైతె మాకొద్దు."

భూపాల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు నేను అడిగాను, కోర్టుకు వచ్చి టేపు సంగతి చెబుతావా అని. క్యాంటీను కాంట్రాక్టు అతడికి బతుకు, నేను ఎరుగుదును.

"ఊకె రమ్మంటె రాను అన్న. కోర్టు కాయితం వస్తె మాత్రం వస్త. బోనెక్కినంక అబద్ధం జెప్ప."

"వస్తది," అన్నాను.

కొత్తగా నా మేకు దగ్గర నిలబడే ఆ మనిషిని నేను చూడలేదు. అతడి పేరు కూడా నాకు తెలియదు. ఆ వాక్యం కింద నేను సంతకం పెడితే అతడు మరో ముప్పై ఏండ్లు కిటికీ బయట తాగుతాడు. అడిగితే నా సంతకం తీసి చూపిస్తారు. ఇదిగో, మీ హనుమాండ్లు తాతే ఒప్పుకున్నాడు అంటారు. అందువల్ల పెట్టలేదు, పెట్టను. నేను రాజీ పడ్డానని ఎవరైనా తమ ముందు చెబితే, ఈ కాగితాన్ని వారి చేతికి ఇచ్చి పైకి చదవమనవలెను.

11. కావున తమరు దయతో, అంటే దయ కూడా అక్కర లేదు, న్యాయంగానే, ఈ కింది మూడు పనులు చేయించగలరు. ఒకటి, వాయిదాను జూన్ 30 లోపలికి జరపడం. రెండు, శవాల గది రిజిస్టరును దవాఖాన వారి చేత తెప్పించడం, అది దొరకదంటే నా పదిహేడో పుస్తకాన్ని చూడడం. మూడు, క్యాంటీను భూపాల్‌కు సమన్లు పంపడం.

నేను ఓడిపోతే ఓడిపోతాను. కాని ఉద్యోగం ఉండగా ఓడిపోవలెను. వయసు అయిపోయి, వాయిదా అయిపోయి, ఓడామో గెలిచామో తెలియకుండా శాలువ కప్పుకొని ఇంటికి పోవడం నాకు సమ్మతం కాదు. గెలిస్తే ఆ ఒక్క షిఫ్టు చేస్తాను. పదిన్నరకు చాయ్ తాగుతాను. కప్పు నేనే కడిగి పెట్టి వస్తాను.

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నా మీద కొత్త మెమో రాయించుకోవచ్చునని మనవి చేసుకుంటూ, తీరిక చూసుకొని కాదు, తేదీ చూసుకొని చిత్తగించవలెను.

తమ న్యాయస్థానానికి విధేయుడు,
దవాఖాన రికార్డుల ప్రకారం అవిధేయుడు,
ఏర్పుల హనుమాండ్లు
నాచారం

జతపరచినవి: నోటు పుస్తకం, పదిహేడోది, ఒకటి. మెమో నకలు ఒకటి. స్టీలు గ్లాసు, ఎర్ర టేపు చుట్టినది, నంబరు మూడు, ఒకటి. (తీర్పు తర్వాత గ్లాసును దవాఖాన వారికి ఇచ్చి రసీదు ఇప్పించవలెను. టేపు నాకు ఇప్పించవలెను.)

తా.క.: అయ్యా, ఇది తమ ఆఫీసులో బెంచీ మీద కూర్చుని, అడిగి తీసుకున్న పెన్నుతో రాస్తున్నాను. పైన జతపరచిన వస్తువుకు ఒక సంగతి జరిగినది, దాచడం ధర్మం కాదు. అర్జీలు తీసుకునే గుమాస్తా దుర్గేష్ గారి దగ్గరికి నేను చేరేసరికి చాయ్ వచ్చింది. ఫ్లాస్కులో చాయ్ ఉన్నది గాని పేపరు కప్పులలో ఒకటి తక్కువైంది. ఉన్న కప్పు ఆయన నా చేతిలో పెట్టి, బల్ల మీది నా గ్లాసును తీసుకొని, కడిగి, దానిలో తనకు పోయించుకున్నారు.

"సార్, అది సాక్ష్యం," అన్నాను.

"సాక్ష్యమైతె ఏంది పెద్దాయనా, చాయ్ పట్టదా?" అన్నారు, తాగుతూ.

అందువల్ల గ్లాసు అడుగున కొంచెం చాయ్ మరక ఉంటుంది. ఈ అర్జీ మొదటి పేజీ మీద గుండ్రటి గుర్తు కూడా దానిదే. ఏదైనా అవుతుందేమోనని అరగంట సేపు ఆయన ఎదురుగానే కూర్చుని చూశాను. దుర్గేష్ గారికి ఏమీ కాలేదు. ఇప్పుడే రెండోసారి పోయించుకున్నారు.